గ్లెనిస్ అరగదీసిన టైర్లు

మర్రే హాడ్జెట్స్ టైర్ల కొట్టులో అడుగు పెడుతూనే చేతికర్ర ఎత్తి ఝళిపించాడు.

“ఒరేయ్ డారిల్! నా చెవిలో పువ్వు పెట్టావు కదరా! ఇది రబ్బరా, సబ్బు బిళ్ళా? మా ఆవిడ రొట్టె కోసం వీధి చివరిదాకా పోయొస్తేనే అరిగిపోతాయట్రా టైర్లు?”

డారిల్ అప్పుడే, మర్రే భార్య తెచ్చి వదిలిన వాళ్ళ ఎర్ర మాజ్దా కారుని లిఫ్టు మీదికెక్కించి ముందు చక్రం ఊడదీస్తున్నాడు. సెయింట్ మేరీస్ ఊరు మొత్తానికి ఉన్న టైర్ల కొట్టు అదొక్కటే. అందుకని ఊళ్ళో టైర్లకి సంబంధించిన తిట్లన్నీ అతని ఖాతాలోకే వస్తాయి. నట్లు విప్పుకుంటూ పోయాడు.

మర్రేకి కోపం రావడానికి కారణం ఉందిలెండి. ఈ దీవి కొండదారుల్లో కారు ర్యాలీ పోటీలు నడిచినన్నాళ్ళూ స్టీరింగ్ పట్టిన మనిషి. పబ్బు గోడ మీద ఇప్పటికీ అతని ఫొటోలు వేలాడుతున్నాయి. ప్రతి ఫొటోలోనూ పక్క సీట్లో హెల్మెట్ పెట్టుకుని, ఒళ్ళో కాగితాలతో భార్య గ్లెనిస్ ఉంటుంది. రాబోయే మలుపేమిటో ముందుగా చదివి చెప్పడం ఆవిడ పని. ఆవిడ సంగతి ఎవరూ అడగరు, ఆవిడా చెప్పదు. కిందటేడు చలికాలం ముందు మర్రేకి పక్షవాతం వచ్చింది. కాలు కొంచెం కొంచెంగా దారికొచ్చింది గానీ ఎడమ పక్క చూపు మాత్రం తిరిగి రాలేదు. ఇక ఈ జన్మలో స్టీరింగ్ ముట్టుకోవద్దని డాక్టరు తేల్చి చెప్పేసింది. సరిగ్గా జబ్బు పడటానికి ముందు వారమే, ఎన్నో రకాలు చూసి, ఇంట్లో అందరి బుర్రా తినేసి, కారుకి కొత్త టైర్లు వేయించాడు. వాటి మీద తను వీధి మలుపు కూడా తిరగలేదు.

ఆస్పత్రి నుంచి వచ్చాక గరాజు తలుపు తియ్యబుద్ధి కాలేదు మనిషికి. “బ్యాటరీ చచ్చిపోకుండా అప్పుడప్పుడూ బయటికి తియ్యి,” అని భార్యకి చెప్పి ఊరుకున్నాడు. ఆవిడ సరేనంది. ఇప్పుడు లాన్సెస్టన్ పట్నం నుంచి ఎవరో కారు కొనడానికి శనివారం వస్తానంటే, ఇన్నాళ్ళకి తలుపు తీసి చూశాడు. చూస్తే ఏముంది, టైర్లు గుండు కొట్టించుకోవడానికి సిద్ధంగా ఉన్నాయి.

“చౌకలో గట్టి రబ్బరువేవో నాలుగు తగిలించు. కొనేవాడికి పైకి నల్లగా కనిపిస్తే చాలు,” అన్నాడు మర్రే స్టూలు మీద కూలబడుతూ.

డారిల్ ఊడదీసిన చక్రాన్ని దొర్లించుకొచ్చి అతని మోకాళ్ళ ముందు నిలబెట్టాడు. “తిట్టడం నీకు కొత్త కాదు, పడటం నాకు కొత్త కాదు. ఓసారి చెయ్యి పెట్టి చూడు మర్రే. తర్వాత తిట్టు.”

ర్యాలీ జనానికి ఒక అలవాటుంది. పోటీ అయ్యాక టీ నీళ్ళు గొంతులో పడకముందే ఒకరి టైర్లు ఒకరు తడిమి చూసుకుంటారు. నోటితో ఎన్ని కోతలైనా కోయొచ్చు, టైరు దగ్గర ఆ పప్పులుడకవు. మర్రే టైర్లయితే ముందువి రెండూ బయటి అంచున కుక్క నమిలిన చెప్పుల్లా ఉండేవి. మలుపులోకి దూకుడుగా పోవడం, ఆఖరి క్షణంలో స్టీరింగ్‌ని లాగి పడెయ్యడం. గెలిచేవాడు కాబట్టి ఎవరూ ఏమనలేదు.

విసురుగా చెయ్యి పెట్టాడు. పెట్టిన చెయ్యి మెల్లబడింది. ఈ అంచు నుంచి ఆ అంచుదాకా బల్ల మీద జరిగినట్టు జరిగిపోయింది అరచెయ్యి. ఎక్కడా గరుకు లేదు, ఎక్కడా చెక్కు లేవలేదు. భయపడి బ్రేకు తొక్కితే పడే చదును మచ్చ ఒక్కటీ లేదు. టైరు పక్కగోడ మీద చిన్న త్రికోణం గుర్తుంటుంది, మలుపులో టైరు అక్కడిదాకా ఒరగొచ్చని. అరుగుడు సరిగ్గా ఆ గుర్తుదాకా వచ్చి ఆగింది, వెంట్రుకవాసి కూడా దాటలేదు.

“రెండోది తియ్యి,” అన్నాడు. తర్వాత వెనకవి తియ్యమన్నాడు. నాలుగూ అచ్చు అలాగే అరిగాయి.

మర్రే నాలుగింటినీ మళ్ళీ ఒకసారి తడిమాడు. తన జీవితం మొత్తంలో ఇలాంటి టైర్లు చూడలేదు. అంతలోనే అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఎవడ్రా వాడు? నా కారు ఎత్తుకెళ్ళి కొండ మీద తిప్పుతున్నదెవడు? వాడి చేతిలో ఏదో ఉందిరా, కాదనను. అయినా వాడి కాళ్ళు విరగ్గొడతాను!”

“విరగ్గొట్టకు,” అన్నాడు డారిల్ నవ్వాపుకుంటూ. “సాయంత్రం నీకు కూర ఎవరు వండుతారు? మర్రే, ఊరంతటికీ తెలుసు, నీకు తప్ప.”

అదే సమయానికి గ్లెనిస్ లోపలికొచ్చింది, చేతిలో మాంసం కూరి కాల్చిన పైల సంచీ పట్టుకుని. విడిగా పడున్న నాలుగు చక్రాల్నీ, మొగుడి మొహాన్నీ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

“రొట్టెల కొట్టు మన వీధి చివర కదా గ్లెనిస్?”

“అవును.”

“ఒక్క మలుపైనా ఉందా దారిలో?”

“లేదు.” ఆవిడ సంచీ కౌంటర్ మీద పెట్టింది. “పొద్దున్నే నువ్వు లేవకముందు ఎలిఫెంట్ పాస్ కొండదారి దిగేదాన్ని. కింద కాసేపు సముద్రం చూసి, మళ్ళీ ఎక్కేదాన్ని. వచ్చేటప్పుడు రొట్టె తెచ్చేదాన్ని. రొట్టె అబద్ధం కాదుగా.”

“మరి నాకెందుకు చెప్పలేదే?”

“నువ్వు పస్తుంటే నీ ఎదురుగా కూర్చుని విందు భోజనం చెయ్యమంటావా?”

“సరే. మరి అమ్మేస్తానన్నప్పుడైనా నోరు విప్పొచ్చుగా!”

“కారు నీది కదా మర్రే.”

ఆ మాటలో దెప్పుడు లేదు, అందుకే చురుక్కుమంది. శనివారంతో ఆవిడకి పొద్దుటి పూటలు అయిపోతాయి. అది తెలిసే, ఊరుకుని, అతనికి పైలు కొనుక్కొచ్చింది. మర్రే చేతికర్ర ఊతంగా లేచి నిలబడ్డాడు.

“చక్రాలు బిగించరా. ఆవిడ నన్ను తీసుకెళ్తుంది.”

డారిల్ లోతు కొలిచి చూశాడు. “అరుగుడు హద్దు గీత కంటే ఇంకా కాస్త పైనే ఉన్నాయి. ఎండగా ఉంది కాబట్టి సరేనంటున్నా. చినుకు పడితే మాత్రం వెనక్కి తిప్పెయ్ గ్లెనిస్.”

ఆ కారులో ఎడమ సీటు ఎలా ఉంటుందో మర్రే ఎప్పుడూ ఎరగడు. పైల సంచీ ఒళ్ళో పెట్టుకుని, బెల్టు బిగించుకుని, పళ్ళు గిట్టకరిచి కూర్చున్నాడు. మొదటి మలుపు రాగానే అతని కాలు లేని బ్రేకుని తొక్కింది. తొక్కాల్సిన అవసరం మాత్రం రాలేదు. మలుపు ఇంకా రాకముందే ఆవిడ చేతులు కదిలాయి, కారు ఒక పక్కకి ఒరిగి కుదురుగా కూర్చుంది, మలుపు అయిపోయింది. టైరు కుయ్యిమనలేదు. వేగం చూపే ముల్లు రోడ్డు పక్క బోర్డు మీది అంకె దాటలేదు. అతనికి ఈ కొండ మీద ప్రతి మలుపూ ఒక కొట్లాట. ఆవిడ అదే కొండతో కబుర్లు చెప్పుకుంటూ దిగుతోంది.

చెట్ల నుంచి రాలిన బెరడు రోడ్డు మీద పడి ఉంటే దాన్ని తాకకుండా పక్కగా పోనిచ్చింది. ఓ గుడ్డి మలుపు ముందు, ఏ కారణం లేకుండానే ఎడమ అంచుకి సర్దుకుంది. మరుక్షణం దుంగల లారీ ఒకటి సగం రోడ్డు ఆక్రమించుకుని పైకొచ్చింది.

“అది వస్తోందని నీకెలా తెలుసే?”

“పై మలుపులో చెట్ల సందులోంచి కనబడింది. నువ్వెప్పుడూ అటు చూడలేదులే. చూడటం నా పనిగా!”

ఒక్కో టైరూ నేలని ఆనేది అరచెయ్యంత మేరే. ఆ నాలుగు అరచేతుల మీద ఇద్దరు మనుషులూ ఒక ఇనప బండీ ఇంత లోయ పక్కన, ఒళ్ళో సంచీ కూడా జరక్కుండా దిగుతున్నారు.

కాసేపటికి మర్రేలో పాత పౌరుషం తలెత్తింది. ఊరికే కూర్చోవడమెందుకు, ముందున్న మలుపులు నేను చెప్తానుగా అనుకున్నాడు. నోరు తెరిచాడు. ఏం చెప్పాలి? కుడికా, ఎడమకా? తెలియదు. దాని తర్వాతదీ తెలియదు. ఈ రోడ్డు నాకు కొట్టిన పిండి అని పబ్బులో ఎన్నిసార్లు ఎగిరాడో! ఏ మలుపూ అతని కంటికి ముందు రాలేదు. ఆవిడ గొంతులోంచి చెవికొచ్చేది, చేతులు తిప్పేవి. కొండ మొత్తం ఇన్నేళ్ళూ ఆవిడ దగ్గరే ఉంది.

కింద సముద్రం పక్కన ఆపింది. మర్రే అవస్థపడుతూ దిగి, ముందు టైరు మీద చెయ్యి వేశాడు. పొయ్యిలోంచి తీసిన రొట్టెలా వెచ్చగా ఉంది. ఆ చెయ్యి తియ్యకుండానే రెండో చేత్తో ఫోను నొక్కాడు. ముందు లాన్సెస్టన్ వాడితో శనివారం రావద్దని చెప్పాడు. తర్వాత డారిల్‌ని పిలిచాడు.

“ఆ చౌకవి పక్కన పడెయ్ రా. మంచివి వెయ్యి. ఏ మంచివా? నన్నడుగుతావేం? డ్రైవర్ని అడుగు.”

ఫోను అందిస్తే గ్లెనిస్ పట్టుకుంది. కళ్ళు తుడుచుకుంది.

“డారిల్, ఇలాంటి మెత్తవి మాత్రం వద్దు. ఎండలో బంగారమే, తడిసిన రోజు గుండె గుభేలుమనేది నాకు. ఇవి మర్రే ఎంచుకున్నవిగా, వాన సంగతి ఆలోచించి ఉండడు. నీళ్ళు పోవడానికి గాడులు లోతుగా ఉన్నవి చూడు. పక్కగోడ కాస్త గట్టిగా ఉండాలి.”

మర్రే తల పంకించాడు. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. తను అన్ని రకాలు చూసి కూడా వాన మాటే తలవలేదు.

ఇద్దరూ పైలు తిన్నారు. తిరిగి కారెక్కాక ఆవిడ స్టార్ట్ చెయ్యకుండా అతని వైపు తిరిగింది.

“ఎక్కేటప్పుడు మలుపులు నువ్వు చెప్పు.”

“నాకు రావు గ్లెనిస్. ఒక్కటి కూడా రాదు.”

“మొదటిది నేను చెప్తా, విని అప్పజెప్పు. రేపు ఇంకోటి నేర్చుకుందువుగాని.” కారు కదిలింది. “కుడి, పొడుగ్గా, చివర్లో ముడుచుకుంటుంది.”

“కుడి, పొడుగ్గా, చివర్లో ముడుచుకుంటుంది,” అన్నాడు మర్రే, బడిపిల్లాడిలా ముందుకి వంగి. మలుపు వచ్చింది. ఆవిడ చెప్పినట్టే ఉంది.