మూల విరిగిన ల్యాప్‌టాప్

ఆగస్టులో వచ్చిన గోదారి మూడు రోజులకు దిగిపోయింది గానీ, లోవమ్మకు వచ్చిన కోపం కార్తీకమాసం వచ్చినా దిగలేదు. ఆ కోపంతోనే పొద్దున్నే లంక రేవులో పడవెక్కింది, రావులపాలెంలో బస్సెక్కింది, కూతురు బేబీని వెంటబెట్టుకుని రాజమండ్రిలో పాత కంప్యూటర్లు అమ్మే కొట్టు మెట్లెక్కింది. బొడ్డులో దోపుకున్న సంచిలో చీటీ పాడుకున్న పదిహేను వేలున్నాయి. అవి కూలిన పెరటి గోడ మళ్ళీ లేపుకోవడానికి పాడుకున్నవి.

గోడ సంగతి తర్వాత, ముందు పిల్ల సంగతి అని ఆవిడే తీర్మానించింది. బేబీ డిగ్రీ చదివి, తెలుగు టైపింగు నేర్చుకుని, ఉద్యోగం కోసం రెండేళ్ళు తిరిగి చెప్పులరగదీసింది. ఇప్పటికి రాజమండ్రిలో ఒక ప్రెస్సువాళ్ళు ఇంటర్మీడియట్ గైడ్లు ఇంటి దగ్గరే కూర్చుని టైపు చేసిపెట్టమన్నారు. సొంత కంప్యూటరున్న వాళ్ళకే పని. సోమవారానికల్లా ఉందని చూపించాలి, లేకపోతే వెనక ఇంకో పదిమంది కాచుకుని ఉన్నారు. లంకలో కరెంటు ఉండే గంటలకంటే పోయే గంటలే ఎక్కువ కాబట్టి బ్యాటరీ ఉండే ల్యాప్‌టాపే కావాలి.

"గోడ లేకపోతే తడిక కట్టుకుంటాం. ఈ పని పోతే ఏం కట్టుకుంటాం?" అని రాత్రే ఇంట్లో తేల్చేసింది లోవమ్మ. మొగుడు బుల్లియ్య తలూపాడు. ఆయన నోరెత్తి చాలా ఏళ్ళయింది.

కొట్టు యజమాని ఉదయ్‌కుమార్‌కు ముప్పై ఏళ్ళుంటాయి. నుదుట బొట్టు, నోట్లో బెల్లం. "రండి పిన్నిగారూ, ఎండన పడి వచ్చారు, కూర్చోండి. చెల్లెమ్మా, నువ్వు కూడా కూర్చో" అని కుర్చీలు తుడిచి మరీ వేశాడు. పక్క స్టూలు మీద అప్పటికే ఒకాయన ఉన్నాడు. తణుకులో ఫొటో స్టూడియో ఉన్న గణేష్‌బాబట, పెళ్ళి ఆల్బములు చేసుకోవడానికి ల్యాప్‌టాప్ కావాలని వచ్చాడు. ఉదయ్‌కుమార్ తన బల్ల మీద గోడకు ఆనించి పెట్టుకున్న పాత ల్యాప్‌టాప్‌లో ఏవో ధరలు చూసి, బీరువాలోంచి నల్లటి మెషిను ఒకటి తెచ్చి లోవమ్మ ముందు పెట్టాడు. నిగనిగలాడుతోంది. మూత మీద కుడి మూల మాత్రం విరిగి, అక్కణ్ణించి బెత్తెడు పొడుగున పగులు పాకింది.

"చూడండి పిన్నిగారూ, నా దగ్గర దాపరికం లేదండి. కొన్నాయన బల్లమీంచి జారవిడిచేశాడు, మూల విరిగింది. కళ్ళకి కనపడతానే ఉంది కదండీ? లోపల మాత్రం పువ్వులా ఉంటది. ఆ మూల కోసమే మూడు వేలు తగ్గించి పద్నాలుగున్నరకి ఇచ్చేత్తన్నాను."

ఆ మాట లోవమ్మకు నచ్చింది. ఉన్న లోపం ముందే చెప్పి అమ్మేవాడు ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతాడు అనుకుంది. బేబీ ఆన్ చేసి టైపు చెయ్యడం మొదలుపెట్టింది. తెర మీద తెలుగు అక్షరాలు ముత్యాల్లా పడుతుంటే పిల్ల ముఖం విప్పారింది. ఆ ముఖంలో నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో లెక్క కూడా తెలియదు.

"వాళ్ళు వద్దంటే నేను తీసుకుంటానండి" అన్నాడు గణేష్‌బాబు పక్కనించి. లోవమ్మ చెయ్యి బొడ్డులో సంచి మీదికి వెళ్ళింది.

రెండో చెయ్యి బల్ల మీద, మెషిను పక్కనే ఉంది. ఆ చేతికి వెచ్చగా గాలి తగిలింది. లోపల ఫ్యాను తిరుగుతున్నట్టుంది, పక్కనున్న సన్నటి కంతల్లోంచి వేడి వస్తోంది. ఆ వేడితోపాటు ఒక వాసన వచ్చింది. లోవమ్మ ముక్కుపుటాలు అదిరాయి. వంగి, మెషిను పక్కన ముఖం పెట్టి మళ్ళీ పీల్చింది.

బియ్యం డబ్బా మూత తీసినా, పెట్టెలో పట్టుచీర విప్పినా, పరుపు దులిపినా ఆగస్టు నుంచీ ఆవిడను వదలని వాసన అది. తడిసి, కుళ్ళి, ఆరిన ఒండ్రు వాసన. పట్నంలో పెరిగినవాళ్ళకు పాత సామాను కంపు అనిపిస్తుందేమో గానీ లంకలో పుట్టినవాళ్ళు నిద్రలో కూడా పోల్చుకుంటారు.

గాజుకున్న పిన్నీసు తీసి ఒక కంతలో పెట్టి గీకింది. బల్ల మీద చిటికెడు పొడి రాలింది. వేళ్ళ మధ్య నలిపి చూసింది. రోడ్డు దుమ్మయితే గరగరలాడుతుంది. ఇది ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా ఉంది.

"ఏమండీ బాబుగారూ, ఇది గోదాట్లో మునిగిందా?" అంది.

ఉదయ్‌కుమార్‌కు తేలు కుట్టింది. కుట్టిన దొంగ అరవలేడు కాబట్టి నవ్వాడు. "భలేవారండి పిన్నిగారూ! దుమ్మండి అది. బల్లమీంచి జారిపడిందని చెప్పాను కదండీ."

"జారిపడిందో, పగలగొట్టావో నీకే తెలియాలి. దుమ్ముకీ ఒండ్రుకీ తేడా నాకు చెప్తావా? మూడు రోజులు ఇంట్లో నడుంలోతు నీళ్ళు పెట్టుకుని అటక మీద కూర్చున్న దాన్ని నేను!" మాట చివర ఉండే 'అండి' ఎప్పుడు జారిపోయిందో ఆవిడకే తెలియదు. "కనపడే దెబ్బ చేతికిచ్చి, కనపడని రోగం అంటగడతావా?"

"అమ్మా, మెల్లగా" అంది బేబీ.

"సరేనండీ, కాస్త తడిసిందే అనుకోండి" ఉదయ్‌కుమార్ గొంతులో బెల్లం తగ్గింది. "ఆరబెట్టాం, శుభ్రం చేయించాం. ఇప్పుడు పనిచేత్తంది కదండీ? మీ కళ్ళముందే ఆడతంది కదా?"

"మా గోడా నలభై రోజులు నిలబడింది, ఆ తర్వాతే కూలింది!"

ఆ నలభై రోజుల లెక్క లోవమ్మ గుండెలో ముల్లు. నీళ్ళు దిగాక, నష్టం రాసుకోవడానికి ఆఫీసర్లు వస్తారని టముకు వేశారు. ఇంటికి పెద్దమనిషి వస్తుంటే బురదలో నిలబెడతామా అని ఆవిడ రాత్రీ పగలూ ఒండ్రు ఎత్తిపోసింది, గోడలు కడిగింది, సున్నం కొట్టింది, అరుగు అలికి ముగ్గు పెట్టింది. అంటే తన గొయ్యి తానే తవ్వుకుంది. వచ్చినాయన తెల్లటి గోడ చూశాడు, ముగ్గు తొక్కకుండా పక్కనించి నడిచాడు, కాఫీ తాగాడు, "బాగుందమ్మా" అన్నాడు, కాగితం మీద 'నష్టం లేదు' అని రాసుకుని పోయాడు. బురద తియ్యకుండా వాకిట్లోనే కూర్చుని ఏడ్చిన పక్కింటి మాణిక్యాంబ పేరు మాత్రం లిస్టులో ఎక్కింది. తడిసినంత కాలం బురదమట్టితో కట్టిన ఆ ఇటుక గోడ బుద్ధిగా నిలబడింది. ఎండలు కాసి, లోపల మట్టి ఆరి బీటలిచ్చాక, ఒక మధ్యాహ్నం నిలువునా కూలింది. ఆఫీసుకు పరిగెత్తితే "లిస్టు పైకి వెళ్ళిపోయిందమ్మా, అప్పుడే చూపించాల్సింది" అన్నారు. చూపించకపోవడమే తప్పయింది. ఒళ్ళు దాచుకోకుండా పనిచేసి, పరువుగా నిలబడినందుకు పడ్డ శిక్ష అది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇప్పుడు వీడు కూడా సున్నం కొట్టి, ముగ్గు పెట్టి కూర్చోబెట్టాడు. తను కొట్టింది ఇంటికొచ్చినవాళ్ళ మర్యాదకి. వీడు కొట్టింది మోసానికి.

"మునిగితే ఏంటండీ?" ఉదయ్‌కుమార్‌కూ కోపమొచ్చింది, ఎదురుగా కూర్చున్న గణేష్‌బాబు చెవులు రిక్కించి వింటున్నాడు మరి. "మీరు లంకోళ్ళు. మీ ఇంట్లో మంచం మునిగింది, బీరువా మునిగింది, గిన్నెలు మునిగాయి. పారేశారా? మునిగినవే వాడుకోడం లేదేంటి?"

లోవమ్మ లేచి నిలబడింది.

"వాడుకుంటున్నాం! మునిగిన మంచమ్మీదే పడుకుంటున్నాం. మునిగిన ధాన్యం ఆరబోసి మేమే వండుకు తిన్నాం, వాసనేసినా మింగాం. ఒక్క గింజ ఎవడికీ అమ్మలేదు! బాగుందని చెప్పి ఎవడి సంచిలోనూ పొయ్యలేదు! మా కొంప ముంచిన నీళ్ళు తెచ్చి మాకే అమ్ముతావురా నువ్వు? పైన పటారం, లోన లొటారం!"

కొట్టు ముందు నడిచేవాళ్ళు ఆగి చూశారు. గణేష్‌బాబు స్టూలు వెనక్కి జరుపుకుని, "నాకు కూడా ఇదే చూపిద్దామనుకున్నారాండీ?" అని అడిగాడు. ఉదయ్‌కుమార్ లోవమ్మ వైపు వంగి గొంతు తగ్గించాడు.

"గొడవెందుకండీ. ఎనిమిది వేలిచ్చి పట్టుకెళ్ళండి."

బేబీ అమ్మ చెయ్యి పట్టుకుంది. "అమ్మా, ఎనిమిదేనంట. ఆరు నెలలు ఆడినా చాలమ్మా. సోమవారం చూపించకపోతే పని పోతుంది." పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపం కూడు పెట్టదని ఆవిడకు తెలియక కాదు.

"ఆరు నెలలని ఎవరు చెప్పారే? సగం పుస్తకం టైపు చేశాక ఆరి బీటలిత్తే, ప్రెస్సువాళ్ళకి ఏం చూపిత్తావ్?" అంది. ఆ మాట అంటూనే ఆవిడ చూపు ఉదయ్‌కుమార్ బల్ల మీద, గోడకు ఆనించి ఉన్న పాత ల్యాప్‌టాప్ మీద పడింది. దాని మడతబందులు రెండూ విరిగాయి, మూత తనంతట నిలబడదు. మీటల మీద సగం అక్షరాలు చెరిగిపోయాయి. మూలలు అరిగి తెల్లబడ్డాయి. చూడటానికి ముష్టిది.

"అది ఎన్నాళ్ళనించి వాడుతున్నావ్?"

"ఏది, ఇదాండీ? నాలుగేళ్ళయ్యింది. ఇది అమ్మేది కాదండి, నా సొంతానికి. కొట్టు బిల్లులన్నీ అందులోనే ఉన్నాయి."

"అందుకే అది కావాలి. పాలవాడు తన పిల్లలకి ఏ గేదె పాలు పోత్తాడో ఆ పాలే మాకూ పొయ్యమంటున్నాను. తియ్యి దాన్ని."

ఉదయ్‌కుమార్ కాదన్నాడు, కుదరదన్నాడు. లోవమ్మ కుర్చీ తీసుకెళ్ళి గుమ్మంలో వేసుకుని కూర్చుంది. లోపలికి రాబోయిన ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళను "రండి బాబూ, మునిగినవీ ఉన్నాయి, మునగనివీ ఉన్నాయి, అడిగి కొనుక్కోండి" అని పిలిచింది. వాళ్ళు వచ్చిన దారినే పోయారు. మూడో మనిషి మెట్లెక్కుతుండగా ఉదయ్‌కుమార్ దిగొచ్చాడు. తొమ్మిది వేలకు బేరం తెగింది.

ఉదయ్‌కుమార్ తన బిల్లులు వేరేదాంట్లోకి ఎక్కించుకున్నాక, బేబీ గంటసేపు కూర్చుని బ్యాటరీతో సహా అన్నీ చూసుకుంది. చెరిగిన అక్షరాలతో పిల్లకు పనిలేదు, వేళ్ళకు దారి తెలుసు. లోవమ్మ వంగి కంతల దగ్గర ముక్కు పెట్టి చూసింది. దుమ్ము వాసనే వచ్చింది, మామూలు రాజమండ్రి దుమ్ము. బిల్లు రాసేటప్పుడు మాత్రం ఉత్త బిల్లుకి ఒప్పుకోలేదు. మడతబందులు విరిగాయని, అక్షరాలు చెరిగాయని, ఉన్న దెబ్బలన్నీ రాయించి, కింద 'నీళ్ళలో మునగలేదు' అని కూడా రాయించి సంతకం పెట్టించింది.

ఉదయ్‌కుమార్‌కు కడుపుమంట ఆగలేదు. సంచిలో పెట్టి ఇస్తూ, "దీని మూత నిలబడదండోయ్. గోడకి ఆనించుకోవాలి. మీ గోడ కాస్తా కూలిపోయిందన్నారు కదా" అన్నాడు.

"గోడ కూలితే ఇటుకలెక్కడికి పోయాయి?" అంది లోవమ్మ, మెట్లు దిగుతూ.

మర్నాడు పొద్దున్న, వీధరుగు మీద ల్యాప్‌టాప్ మూతకు ఆనించడానికి బేబీ పెరట్లోని కుప్పలోంచి నాలుగు ఇటుకలు తెచ్చింది. వాటికి ఒండ్రు ఇంకా అంటుకునే ఉంది. బోరింగు దగ్గర పెట్టి చెంబుతో నీళ్ళు పొయ్యబోయింది.

"కడక్కే" అంది లోవమ్మ.

"కంప్యూటరు మీద మట్టి పడుద్దమ్మా."

"కంప్యూటరు వైపు గుడ్డ చుట్టు. వీధి వైపు అలాగే వదిలెయ్. ఒకసారి కడిగి చూపిత్తే నష్టం లేదని రాసుకుపోయారు. ఈసారి ఎవడొచ్చినా కనపడనీ."