రాసి ఉన్న మచ్చలు

మా కాలేజీ జట్టు పదకొండు జెర్సీలలో ఆరు ఉతికేశాను. ఏడోది బండ మీద ఉంది. నా ఎడమ మణికట్టు మీద ఉండాల్సిన పుట్టుమచ్చ ఇవాళ అక్కడ లేదు. మ్యాచ్ ఉన్న రోజుల్లో అది మా ఇంట్లో ఉండే కుళ్ళాయి ఒంటి మీద ఉంటుంది. మెడ మీది మచ్చ కూడా అంతే.

ఏడో నంబరు జెర్సీ వెనక వన్నూరమ్మ అని ఉంటుంది. అది నా పేరు. జెర్సీ వేసుకునేది కుళ్ళాయి.

నాకు ఉన్నవి ఆ రెండే మచ్చలు. పదో తరగతిలో ఓబులేసు సార్ నన్ను కిటికీ దగ్గర నిలబెట్టి, వెలుతురులో వెతికి, సర్టిఫికెట్ కోసం రాసుకున్నాడు. ఎడమ మణికట్టుపై ఒకటి. మెడపై కుడివైపు ఒకటి. "రెండే కావల్ల. సరిగ్గా రెండే ఉండాయి. నువ్వు మంచి పిల్లవి" అన్నాడు. మా ఊరి బడిలో నాకు దొరికిన మెప్పు అదొక్కటే.

కుళ్ళాయి ఎనిమిదితో బడి మానేసింది. వేరుశనగ చేలల్లో పరుగెత్తి పరుగెత్తి కాళ్ళు తయారు చేసుకుంది. మా డిగ్రీ కాలేజీ అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టుకు ఒక మనిషి తక్కువైతే, కోచ్ రామాంజులు సార్ ఆమెను తీసుకొచ్చి మా ఇంట్లో పెట్టాడు. కాలేజీలో చదివేవాళ్ళే ఆడాలని నియమం. అందుకే ఐదు నెలలుగా ఆమె నా పేరుతో ఆడుతోంది.

ఆమె ఒంటి మీద పదకొండు మచ్చలున్నాయి. తలకు నూనె రాసేటప్పుడు, కాళ్ళు నొక్కేటప్పుడు లెక్కపెట్టాను. ఒక్కటీ ఎక్కడా రాసి లేదు.

మచ్చలు లేని రోజుల్లో మా కుక్క నన్ను చూసి మొరుగుతుంది. అమ్మ నాకు పీట వేసి, "కూచో తల్లీ, ఎవరింటికొచ్చినావు?" అని మంచినీళ్ళిస్తుంది. సాయంత్రానికి మచ్చలు తిరిగొస్తాయి. అప్పుడు అమ్మ తిడుతుంది. నాకు అలవాటైపోయింది.

ఏడో జెర్సీని బకెట్‌లో ముంచి తీస్తుంటే దాని మడతలో నా ఫోను తగులుతుంది. బట్టల కుప్ప మీద నేనే పెట్టాను. నీళ్ళలోకి మెసేజులు వచ్చేసి ఉన్నాయి. ఒక్కోటి చేతిరుమాలంత ఉంది. సార్‌వి తెలుపు, నావి లేత పచ్చ. రంగు దిగలేదు.

తడిసినవాటిని అలా వదిలేయడం నాకు చేతకాదు. పిండి, దులిపి, తారీఖుల వరుసలో తీగ మీద వేసి క్లిప్పులు పెడతాను. పదకొండు ఉన్నాయి. అక్షరాలు వీధి వైపుకు తిప్పుతాను. ఎండ అటువైపు నుంచే వస్తుంది.

పాలు పోయించుకుని వస్తున్న ఎదురింటి సాలమ్మక్క ప్రహరీ దగ్గర ఆగుతుంది. ఇంట్లో వాళ్ళు మరిచిపోయినా సాలమ్మక్క మాత్రం మచ్చలతో పని లేకుండా నన్ను గుర్తుపడుతుంది. ఆమెకు చూపు తక్కువ.

"ఏమే వన్నూరూ, ఏం గుడ్డలే అవి?"

"మెసేజులక్కా."

"ఎవురివి?"

"నావే. సార్‌వి కొన్ని."

"చదవచ్చునా?"

"ఆరినాంక చదువక్కా."

ఆమె ఆగదు. కళ్ళజోడు తెప్పించుకుని, పాలచెంబు గోడ మీద పెట్టి గట్టిగా చదువుతుంది. నీళ్ళకు పోయేవాళ్ళు ఆగుతారు. ఆటో ఒకటి ఆగుతుంది.

"అమ్మా, నువ్వు ఎట్లాగూ ఆడవు కదా. నీ పేరు ఊరికే ఉంది. కొన్నాళ్ళు ఇస్తావా?" ఇది తెల్లది.

"సరే సార్." ఇది పచ్చది.

"మచ్చలు కూడా కావాలి. యూనివర్సిటీ వాళ్ళు సర్టిఫికెట్ పెట్టుకుని చూస్తారు."

"ఎన్నింటికి పంపమంటారు సార్?"

"మ్యాచ్ రోజు పొద్దున ఆరింటికల్లా."

"పంపాను సార్. అందాయా?"

"అందాయి. మెడది కొంచెం కిందికి అతికింది. పర్వాలేదు. ఈ సంగతి ఎవరికీ తెలియకూడదు."

"చెప్పను సార్. మణికట్టుది మెల్లగా తీయమనండి, నొప్పి పుడుతుంది."

అక్కడ సాలమ్మక్క చదవడం ఆపి నా మెడ వైపు వంగి చూస్తుంది. "అయ్యో, మెడ బోసిగా ఉండాదే! నగ ఇచ్చినట్టు మచ్చ ఇచ్చేస్తివా?"

"సాయంత్రం తెచ్చిస్తాది అక్కా."

చివరి మూడూ నిన్నటివి. సెమీఫైనల్ అయిపోయాక వచ్చినవి.

"రెండు గోల్సూ నీ పేరు మీదే. గ్రౌండంతా నీ పేరు పిలిచింది. విన్నావా?"

"విన్నాను సార్. మేడ మీద నిలబడి విన్నాను. మళ్ళీ ఎప్పుడు?"

"రేపు నాలుగింటికి, ఫైనల్. యూనివర్సిటీ జట్టుకు ఎంపిక చేసేవాళ్ళు వస్తున్నారు."

చదవడం అయిపోతుంది. ఎవరూ నవ్వడం లేదు. నిన్న గ్రౌండ్‌లో పిలిచినంత గట్టిగా నా పేరు పిలవడం నేను అదివరకు ఎప్పుడూ వినలేదు. బడిలో హాజరు పిలిచేటప్పుడు కూడా సార్లు నా పేరు దగ్గర గొంతు తగ్గించేవాళ్ళు. ఈ సంగతి మాత్రం ఏ మెసేజులోనూ లేదు.

రామాంజులు సార్ బండి మీద వస్తాడు. హెల్మెట్ తీయడు.

"ఏమ్మా ఇది? వీధిలో ఆరేస్తారా ఎవురన్నా?"

"లోపల ఎండ తగలదు సార్."

ఆయన తలెత్తి ఎండను చూస్తాడు, ఇంటిని చూస్తాడు. "అదీ నిజమే. పోనీ ఇప్పుడు తీసేయొచ్చు కదా."

"పచ్చిమీద మడిస్తే వాసన పడతాయి సార్."

ఆయన బండి తిప్పుతాడు. ఇకమీదట హెల్మెట్ తీయనని చెప్పి వెళ్ళిపోతాడు.

మణికట్టు మచ్చ భయపడి తిరిగొస్తుంది. ప్రహరీ గోడ వెంట చీమలా నడుచుకుంటూ వచ్చి, నా వేలు ఎక్కి, తన చోట కూర్చుంటుంది. మెడది రాదు. సగం మచ్చలతో లోపలికి వెళితే అమ్మ నన్ను తేరిపార చూస్తుంది. "నిన్ను యాడనో చూసినట్టుండాది తల్లీ" అంటుంది.

కుళ్ళాయి ప్రాక్టీసు ముగించుకుని వస్తుంది. జనం తప్పుకుని దారి ఇస్తారు. ఆమె తీగ ముందు నిలబడి, ఒక్కో అక్షరం కింద వేలు పెట్టుకుంటూ మొదటినుంచి చివరిదాకా చదువుతుంది. చాలాసేపు పడుతుంది. నేను ఎనిమిదో జెర్సీ, తొమ్మిదో జెర్సీ ఉతికేస్తాను.

"నా పేరు యాడా లేదే" అంటుంది.

నేనూ చూస్తాను. నిజమే. పదకొండింటిలో ఒక్కచోట కూడా కుళ్ళాయమ్మ అని లేదు. వరుస సరిగ్గా వేశానా లేదా అని చూసుకున్నాను గానీ దీన్ని గమనించలేదు.

పదకొండు గంటలకు యూనివర్సిటీ నుంచి నియమాల అధికారి వస్తాడు. జయరామప్ప అని పేరు చెబుతాడు. తన కుర్చీ తనే తెచ్చుకున్నాడు. భూతద్దం, ముద్ర, నా సర్టిఫికెట్ నకలు ఒడిలో పెట్టుకుంటాడు. మమ్మల్నిద్దరినీ కిటికీ దగ్గర నిలబెట్టి నా మణికట్టు చూస్తాడు, కుళ్ళాయి మెడ చూస్తాడు. కుళ్ళాయి సొంత మచ్చల మీదుగా భూతద్దం ఆగకుండా పోతుంది. అవి ఆయన కాగితంలో లేవు.

"చెరొకటి ఉంది. అంటే ఇద్దరిలో ఎవరూ వన్నూరమ్మ కారు" అంటాడు.

"మరి వీళ్ళెవురు సామీ?" అని అమ్మ అడుగుతుంది.

"నియమాల్లో లేరమ్మా."

అమ్మ ఆయనకు కాఫీ ఇస్తుంది. ఆయన గ్లాసు పట్టుకుని వివరంగా చెబుతాడు. రెండు మచ్చలూ ఒకే ఒంటి మీదికి చేరాలి. కుళ్ళాయి మీదికి చేరితే ఆమే వన్నూరమ్మ. నాలుగింటికి ఆడుతుంది, బాగా ఆడితే యూనివర్సిటీ జట్టులో ఉంటుంది. అప్పుడు నేను కాగితాలు లేని మనిషిని. వచ్చే నెల చివరి పరీక్షలు రాయలేను. ఈ ఇల్లు కూడా నాది కాదు. నా మీదికి చేరితే పరీక్షలూ ఇల్లూ నావి. కుళ్ళాయి బయటి మనిషి. గ్రౌండ్ గేటు దాటకూడదు, ఈ ఏడాదే కాదు, ఎప్పటికీ.

"ఎంతసేపట్లో సార్?" అని అడుగుతాను.

"కాఫీ అయ్యేలోగా."

కుళ్ళాయి నా వైపు తిరుగుతుంది. "నువ్వు చెప్పు వన్నూరూ. మచ్చలు నీవి. నువ్వెట్ల చెప్తే అట్ల."

నేను గ్లాసు వైపు చూస్తున్నాను. నురగ అంచు నుంచి విడిపోయి మధ్యకు చేరుతోంది. ఆయన చిన్న చిన్న గుక్కలు తాగుతాడు. ఒక్కో గుక్కకూ గ్లాసు లోపల ఒక గీత మిగులుతోంది. చూడడం నాకు బాగా వచ్చు. మచ్చ తిరిగి ఇవ్వమని చెప్పాలనుకుంటాను, గ్రౌండంతా పిలిచిన పిలుపు గుర్తొస్తుంది. వద్దని చెప్పాలనుకుంటాను, మళ్ళీ అదే పిలుపు గుర్తొస్తుంది. గ్లాసులో నాలుగు గీతలు. ఐదు.

"చెప్పవే" అంటుంది కుళ్ళాయి, మెల్లగా.

ఆరు. నేను ఇంకా చూస్తున్నాను.

ఆయన చివరి గుక్క కోసం గ్లాసు వంచుతాడు. కుళ్ళాయి వేలు తడి చేసుకుని, తన మెడ మీది మచ్చను తీసి, పసిపాపకు దిష్టిచుక్క పెట్టినట్టు నా మెడ మీద పెడుతుంది. ఈసారి సరైన చోటే అతుకుతుంది.

జయరామప్ప గ్లాసు కింద పెట్టి నా రెండు మచ్చలూ సరిచూసుకుంటాడు. "ఉల్లంఘన ఏమీ లేదు" అని రాసి ముద్ర వేస్తాడు. "వన్నూరమ్మ నాలుగింటికి ఆడవచ్చు."

"నాకు ఆడడం రాదు సార్."

"ఆట వచ్చి ఉండాలని నియమం లేదమ్మా" అని కుర్చీ మడుచుకుని వెళ్ళిపోతాడు.

అమ్మ ఒక్కసారిగా నా చెయ్యి పట్టుకుంటుంది. "ఇంతసేపూ యాడికి పోయింటివే వన్నూరూ? ఇంటికొచ్చినోళ్ళకు కాఫీ ఇచ్చేదానికి నేనొక్కదాన్నేనా?" తర్వాత కుళ్ళాయి వైపు తిరిగి, "నువ్వు కూచో తల్లీ. ఎవరింటికొచ్చినావు?" అంటుంది.

ఐదు నెలలు మా కంచంలో తిన్న కుళ్ళాయి కూర్చోదు. బయటికి, తీగ దగ్గరికి వెళుతుంది. వెనకే నేనూ వెళతాను.

మెసేజులు ఆరిపోయాయి. అక్షరాలు ఎండకు ఎగిరిపోయాయి. తెల్లవీ పచ్చవీ ఖాళీగా ఊగుతున్నాయి. వీధిలో చదవడానికి ఏమీ లేక జనం ఎవరి పని మీద వాళ్ళు పోతున్నారు.

చేనుకు పోయి వచ్చినవాళ్ళు బట్టలకు అంటుకున్న పల్లేరుకాయలు ఏరుకున్నట్టు, కుళ్ళాయి తన మచ్చలు ఏరుతుంది. భుజం మీదిది తీసి మొదటి మెసేజు మీద పెడుతుంది. మోచేతిది రెండో దాని మీద. నడుము దగ్గరిది, తొడ మీదిది, మోకాలి పక్కది. వరుస తప్పదు. పదకొండోది అరికాలిది. ఒంటికాలి మీద నిలబడి దాన్ని తీస్తుంది. పడిపోకుండా నా భుజం పట్టుకుంటుంది. అంతలోనే వదిలేస్తుంది.

ఉండమని ఇప్పుడు చెప్పాలి. నా నోట్లో ఆ మాట తయారుగా ఉంది. బకెట్‌లో పదో జెర్సీ, పదకొండో జెర్సీ నానుతున్నాయి. నేను వాటిని చూస్తున్నాను.

గాలి వస్తుంది. తీగ మీద మెసేజులన్నీ ఒకవైపుకు లేచి, భుజం భుజం చోటికి, మోకాలు మోకాలి చోటికి సర్దుకుంటాయి. క్లిప్పులు ఊడవు. పదకొండు మచ్చలూ కలిసి పరుగెత్తడం మొదలుపెడతాయి.

కుళ్ళాయి తన సంచీ తీసుకుంటుంది. బూట్లు బండ పక్కన వదిలేస్తుంది. ఒంటి మీద ఒక్క గుర్తూ లేకుండా నా పక్కనుంచి నడిచి, గేటు తీసి, మళ్ళీ జాగ్రత్తగా గొళ్ళెం పెట్టి, వెళ్ళిపోతుంది. కుక్క మొరగదు. వీధిలో మెత్తటి దుమ్ము ఉంది. ఆమె నడుస్తున్న చోట దాని మీద ఒక్క అడుగూ పడదు. ఇక్కడ, తీగ కింద, ఎండకు ఆరిపోయిన బండ మీద, తడి పాదాల గుర్తులు ఒకదాని వెనక ఒకటి పడుతున్నాయి.