రెండో పేరు

సంగటి గెలికేటప్పుడు చెయ్యి ఆపితే ఉండలు కడుతుంది. సరిగ్గా అప్పుడే ఉదయ్ కిరణ్ బ్యాంకు ఫారం తెచ్చి పొయ్యి గట్టు మీద పెట్టాడు.

"పెన్సిల్ గుర్తు ఉండే కాడ సంతకం పెట్టు సింధూ. నాయనోళ్ల ఖాతా ఎట్లుండాదో అట్లే నింపినా. వచ్చే నెల నుంచి నీ జీతం కూడా దీంట్లోనే పడేటట్టు ఆస్పత్రిలో చెప్పు."

సింధూజ తెడ్డు వదలకుండానే తల ఊపింది. పెళ్లయి మూడు నెలలు. ఇద్దరికీ కలిపి ఒక ఖాతా ఉంటే బాగుంటుందని మొదట అన్నది తనే. అయితే ఆమె తల ఊపితే విన్నానని అర్థం, సరేనని కాదు. ఆ సంగతి ఉదయ్ కిరణ్‌కు ఇంకా తెలియదు, పాపం. ఆమె మదనపల్లె ఆస్పత్రిలో ఆరేళ్లుగా నర్సు. చివరి గీత దాకా చదవనిదే ఏ కాగితం మీదా సంతకం పెట్టిన మనిషి కాదు. ముద్దలు చేసి, చేతులు కడుక్కుని చదివితే అంతా అర్థమైంది, ఒక్క గడి తప్ప. ఖాతా నడిపే తీరు అన్నచోట అతను రెండో గడిలో టిక్కు పెట్టాడు. ఎందుకని అడిగితే అతనికీ తెలియదు.

మర్నాడు ఇద్దరూ బ్యాంకుకు పోతే, కౌంటరులో ఉన్న రజియా మేడమ్ ఫారం చూసి చెప్పింది. "దీంట్లో మొదటి పేరు వాళ్లే డబ్బు తీయొచ్చమ్మా. వాళ్లు పోయినాకనే రెండో పేరుకు వస్తుంది." మొదటి పేరు ఉదయ్ కిరణ్‌ది.

సింధూజకు ఒళ్లు మండింది. "అంటే నా జీతం నేను తీసుకోవాలంటే ఈయన పోయేదాకా కాసుకోని ఉండాల్నా?"

వెనక లైనులో ఎవరో కిసుక్కున నవ్వారు. సింధూజకు మాత్రం నవ్వు రాలేదు. చౌడేపల్లెలో అత్త కృష్ణమ్మ కళ్ల ముందు మెదిలింది. పెళ్లయిన వారానికే చీరల అడుగు నుంచి పాసుబుక్కు తీసి చూపించింది ఆమె. "సూడమ్మా, మీ మామ పక్కన నా ఫోటో కూడా ఉండాది. నన్నేమీ తక్కువ సూల్లేదు." ఇరవై ఏళ్లుగా పాలు పితికి డెయిరీకి పోస్తోంది ఆమె. ఆ డబ్బంతా పడేది మామ మొదటి పేరుగా ఉన్న ఆ ఖాతాలోనే. బస్సు చార్జీకి మాత్రం ఇప్పటికీ మామనే అడుగుతుంది. తీయడానికి వీల్లేదని ఆమెకు తెలియను కూడా తెలియదు. ఎన్నడూ తీయబోలేదు కాబట్టి. ఫోటో చూసుకుని మురిసిపోయిన ఆ ముఖం గుర్తొస్తే కోపం కంటే బాధే ఎక్కువైంది.

"అందురూ ఇనేటట్లు యాల అరుస్తావు?" ఉదయ్ కిరణ్ గొంతు తగ్గించాడు. "నువ్వడిగితే నేను ఇయ్యనా? నా మీద నమ్మకం లేదా?"

మూడు నెలల్లో అతను ఈ మాట అనడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లు ఆమె సర్దుకుంది. ఇప్పుడు సర్దుకోదలచుకోలేదు. గడి మారితేనే తన జీతం ఈ ఖాతాలోకి వస్తుంది, లేకుంటే ఉన్నచోటే ఉంటుంది.

మేడమ్‌ను కొత్త ఫారం అడిగి తీసుకుంది. తీరిగ్గా నింపింది. ఇద్దరిలో ఎవరైనా తీయొచ్చు అన్న గడిలో టిక్కు పెట్టి, తన సంతకం చేసి, ఫారం అతని వైపు తిప్పింది.

"నమ్మకం ఉండాది కాబట్టే నా జీతం దీంట్లో వేస్తానంటాండా. నన్ను అడక్కుండానే మీరు తీసుకోవచ్చు."

పెన్ను అతని చేతిలో పెట్టింది.

"మీకు నా మీద ఉంటే, ఈడ సంతకం పెట్టండి."