వెర్చెల్లి మళ్ళలో నలభై రోజులు

పదహారో ఏట మొదటిసారి వెర్చెల్లి వరిమళ్ళకు కలుపు తీయడానికి వెళ్ళింది ఒలిందా. ఆ తర్వాత యుద్ధం ముదిరిన రెండేళ్ళు తప్ప ఏ ఏడూ మానలేదు. మే నెలాఖరులో కార్పి స్టేషన్‌లో ఆడవాళ్ళంతా కొయ్యపెట్టెలు పట్టుకుని రైలెక్కేవారు. నలభై రోజులు మోకాటిలోతు నీళ్ళలో వంగి ఊదగడ్డి పెరికి, జూలైలో బియ్యం మూటలతో దిగేవారు. జలగలు, దోమలు, గడ్డి పరుపులు, పూటపూటా అదే చిక్కుడుగింజల అన్నం. ఇంటికొచ్చాక వారం దాకా నడుం నిలిచేది కాదు. "వచ్చే ఏడు చచ్చినా పోను" అని ప్రతిసారీ ఒట్టు పెట్టుకునేది. ఏప్రిల్ రాగానే అటక మీంచి పెట్టె దింపి దుమ్ము దులిపేది.

1962లో మాత్రం పిలుపు రాలేదు. కలుపును చంపే మందు వచ్చిందట. వీపున డబ్బాలు కట్టుకుని ఇద్దరు మగాళ్ళు చల్లితే రెండొందల మంది ఆడవాళ్ళ పని తీరిపోతుందట.

కార్పిలో దీనికి ఏడ్చినవాళ్ళెవరూ లేరు. అప్పటికే ఇంటింటా స్వెట్టర్లు అల్లే మిషన్లు దిగాయి. ఒలిందా కూడా ఒకటి కొనుక్కుంది. కాలు తడవకుండా, ఎండ తగలకుండా, కుర్చీలో కూర్చుని చేసే పని. గోడకవతల ఆర్జియా ఇల్లు. ఇరవై ఏళ్ళకు పైగా ఇద్దరూ మడిలో పక్కపక్కన వంగి పాడుకున్నవాళ్ళు. ఇప్పుడు ఆర్జియా గొంతు వినబడదు, ఆమె మిషన్ చప్పుడే వినబడుతుంది.

ఒకరోజు నూలు అప్పు అడగడానికి వచ్చింది ఆర్జియా.

"ఏమే, మొహం అలా వేలాడేసుకున్నావు? జలగలు గుర్తొస్తున్నాయా?"

"పాటలు గుర్తొస్తున్నాయే."

"పాటలా, పాట వినే మనిషా? నీరటాయన గుర్తొస్తున్నాడని చెప్పరాదూ. నలభై ఒకటొచ్చాయి, ఇంకా సిగ్గెందుకు?"

ఒలిందా లేచి నూలుండ తెచ్చి చేతిలో పెట్టింది. ఎవాసియో ఆ వరిమళ్ళకు నీరటి. పార భుజాన వేసుకుని గట్ల వెంట తిరుగుతూ తూములు తెరిచి మూసేవాడు. మడిలో మాట్లాడుకుంటే మేస్త్రీ అరిచేవాడు కానీ పాడుకుంటే ఊరుకునేవాడు. పాట అయిపోగానే ఎవాసియో గట్టు చివర ఆగి, "ఇంకోటి" అనేవాడు. ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరి మధ్య నడిచిన మాటలు దాదాపు అంతే. కిందటేడు బయల్దేరేటప్పుడు మాత్రం ఆమె పెట్టెను బండిలోకి ఎత్తి, "వచ్చే ఏడు కాస్త ముందే రండి" అన్నాడు.

జూన్ మొదటి వారంలో ఒలిందా మిషన్ మీద దుప్పటి కప్పింది.

"పని లేదు, పిలిచినవాళ్ళు లేరు. ఎక్కడికే?" అంది ఆర్జియా.

"ఊరికే చూసొస్తా."

ఆర్జియా ఈసారి వేళాకోళం ఆడలేదు. దారిలో తినమని రొట్టె, జున్ను కట్టిచ్చింది.

మిలానోలో రైలు మారి, వెర్చెల్లిలో బస్సెక్కి, చివరి రెండు మైళ్ళూ నడిచింది. వరి పచ్చగా లేచి ఉంది. నీళ్ళలో దూరపు మంచుకొండ నీడ తలకిందులుగా కనిపిస్తోంది. కనుచూపు మేరలో కలుపు తీసేవాళ్ళ గడ్డి టోపీ ఒక్కటీ లేదు. వాళ్ళు పడుకునే కొట్టంలో ఎరువు బస్తాలు పేర్చి ఉన్నాయి. ఎవాసియో తూము దగ్గర బురద తీస్తున్నాడు. ఆమెను చూసి పార నేలకు గుచ్చాడు.

"ఆలస్యం చేశారు."

"ఎవరూ పిలవలేదుగా."

"నేను రాద్దామనే కూర్చున్నాను. ఏమని రాయను? కలుపు లేదు, అయినా రండి అనా?"

"అలా రాసినా వచ్చేదాన్ని."

మధ్యాహ్నం ఇంటికి తీసుకెళ్ళాడు. అతని తల్లి మద్దలేనా పనీస్సా అనే అన్నం వండింది, సాసేజ్ ముక్కలూ చిక్కుడుగింజలూ వేసి. ఇన్నేళ్ళు అవే గింజలు తిన్న ఒలిందాకు వాటికి ఇంత రుచి ఉందని ఆ రోజే తెలిసింది.

"నెల్లాళ్ళ నించీ మావాడి చూపంతా రోడ్డు మీదేనమ్మా" అంది ముసలావిడ.

"అమ్మా!" అన్నాడు ఎవాసియో. తర్వాత ఒలిందా వైపు తిరిగాడు. "అబద్ధం కాదులెండి. ఇక్కడే ఉండిపోతారా?"

ఒలిందా చెంచా పక్కన పెట్టింది. "మీరు నన్నెప్పుడూ నీళ్ళలోనే చూశారు. చలికాలంలో మా ఊరు రండి. పొడినేల మీద ఎలా ఉంటానో చూసి, అప్పుడడగండి."

డిసెంబర్‌లో బియ్యం బస్తా మోసుకుని కార్పిలో దిగాడతను. ఆర్జియా భోజనం పెట్టి, "ఇన్నేళ్ళు మా చేత పాడించుకున్నావు. ఇప్పుడు నువ్వు పాడు" అంది. పాడాడు. శ్రుతీ లేదు, తాళమూ లేదు. ఆర్జియా నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. అతను మళ్ళీ అడిగాడు, ఒలిందా సరేనంది. ఫిబ్రవరిలో పెళ్ళి చేసుకుని, అల్లిక మిషన్‌తో సహా వెర్చెల్లికి వచ్చేసింది.

మంచి మనిషి దొరికాడు. అత్త కూతురిలా చూసుకుంది. అయినా మేలో మళ్ళకు నీళ్ళు వదిలినప్పటి నించి ఒలిందాకు ఇంట్లో కాలు నిలవలేదు. జూన్‌లో ఒకనాటి ఉదయం తలగుడ్డ చుట్టి, పావడా ఎగదోపి గట్టు మీదికి వెళ్ళింది. వరి మధ్యలో ఒక ఊద మొక్క తల ఎత్తి నిలబడి ఉంది. పాట అందుకుని, ఒక కాలు నీళ్ళలో పెట్టింది.

"ఒలిందా! దిగకు! నిన్ననే మందు కొట్టారు!"

అవతలి గట్టు మీంచి పరుగెత్తుకొచ్చాడు ఎవాసియో. చెయ్యి పట్టి పైకి లాగి, కాలువ దగ్గరికి నడిపించి, పారే నీళ్ళలో తన చేతుల్తో ఆ కాలు కడిగాడు. ఒలిందా వెక్కి వెక్కి ఏడ్చింది.

"మండుతోందా?"

"లేదండీ."

"మరెందుకు?"

"పాట ఎత్తుకున్నాను. పక్కనించి ఎవ్వరూ అందుకోలేదు."

అతను కాలు తన కండువాతో తుడిచి, "ఆర్జియాకి రాయి. రమ్మను" అన్నాడు.

ఆ సాయంత్రమే రాసింది. వారానికి జవాబొచ్చింది. "ఆర్డర్లు మెడదాకా ఉన్నాయే. మా కోడలు కూడా మిషన్ పెట్టింది, తలెత్తే తీరిక లేదు. క్రిస్మస్‌కి తప్పకుండా వస్తా. అప్పుడు మళ్ళలో నీళ్ళుండవుగా, ఇద్దరం గట్ల మీద తిరుగుదాం. మీ ఆయన్ని మాత్రం పాడనివ్వకు."

ఒలిందా చదివి నవ్వింది, ఇంకోసారి చదివింది. ఆ తర్వాత మిషన్‌ను గోడవార నించి కిటికీ దగ్గరికి జరిపించుకుంది. అక్కణ్ణించి మళ్ళన్నీ కనిపిస్తాయి.