పై గది ఖాళీ చేసిన రోజు

పోశవ్వ మూడో బెంచీ దగ్గర చీపురు ఆపింది. కూచున్న పిల్ల కాళ్లు పైకెత్తుకోవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగి, కిందంతా ఊడ్చి ముందుకు జరిగింది. బెంచీ మీద ఎవరూ లేరు.

పోశవ్వ ఊడ్చే నాంపల్లిలోని ఆ కాలేజీ ఒకప్పుడు ఎవరో జాగీర్దారు దేవిడీ, పెద్ద భవంతి. ఇప్పుడామె ఊడుస్తున్న పై గది అప్పట్లో ఆడవాళ్లుండే జనానా. సున్నం పెచ్చులూడిన చోటల్లా అప్పటి నీలిరంగు బయటపడుతుంది. మధ్యలో కొన్నాళ్లు దవాఖానగా నడిచిందట. మంచాల కాళ్లు ఒరిసిన గుంటలు బండల మీద ఇంకా ఉన్నాయి. పోశవ్వ బిడ్డ నవత ఆ గదిలోనే డిగ్రీ చదివింది. చివరి ఏడాది డెంగీ జ్వరం వచ్చి చనిపోయింది. దినాలు అయిన మర్నాడే పోశవ్వ వచ్చి గది ఊడ్చింది. ఆనాటి నుంచీ మూడో బెంచీ దగ్గర సన్నగా పాఠం చదువుతున్న గొంతు ఆమెకు వినబడుతూనే ఉంది. తక్కినవాళ్లు అది చూరులోని పావురాల కువకువ అన్నారు.

ఇప్పుడు గోడలు బీటలిచ్చాయి. కాలేజీ బషీర్‌బాగ్‌కు మారిపోతోంది. కింద బల్లలు లారీకెక్కుతున్నాయి. సాయంత్రానికి తాళం పడుతుంది.

నవతకు తెలుగు చెప్పిన కమలకుమారి గుమ్మంలో నిలబడింది.

"రేపటినుంచి ఇక్కడికి ఎవరూ రారు పోశవ్వా. ఎవరి కోసం ఊడుస్తున్నావు?"

"ఉన్న పిల్ల కోసమే మేడం." పోశవ్వ నడుం నిటారు చేసింది. "నేను రమ్మంటే వస్తలేదు. క్లాసు ఇడిచిపెట్టి ఎట్లొస్తనే అంటది. మీరు జర హాజరు పిలిచి, ఇగ పొమ్మని చెప్పున్రి."

కమలకుమారి నవ్వలేదు. ఒకప్పుడు టీచరు బల్ల ఉన్నచోటికి వెళ్లి నిలబడింది.

"నవతా! క్లాసు అయిపోయిందమ్మా. మీ అమ్మతో వెళ్లు."

పావురాలు కదల్లేదు. మూడో బెంచీ మాత్రం, మీది బరువు దిగినట్టు, కిర్రుమంది. కమలకుమారి తడుముకొని గోడ పట్టుకుంది. పోశవ్వ మొహం విచ్చుకుంది.

"దా బిడ్డా," అని ఆమె మెట్లకు ఒక పక్కగా, రెండో మనిషికి చోటిస్తూ దిగింది.

గౌలిగూడ బస్సులో ఒకే చోట రెండు సీట్లు దొరికాయి. కిటికీ పక్కది వదిలి పోశవ్వ ఇవతల కూచుంది. రెండు ఆధార్ కార్డులు చూపించి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్లు రెండు అడిగింది.

"ఇంకో ఆమె ఏదమ్మా?" అంది కండక్టరు.

"కిటికీ కాడ కూసున్నది గద, నా బిడ్డ."

కండక్టరు కార్డు మీది ఫొటో చూసింది, ఖాళీ సీటు చూసింది, పోశవ్వ మొహం చూసింది. రెండు టికెట్లూ కొట్టి ఇచ్చింది. ఒకటి రొంటిన దోపుకొని, రెండోది పోశవ్వ కిటికీ సీటు మీద పెట్టింది.

అబిడ్స్‌లో జనం మీద జనం ఎక్కారు. ఆ సీటు మాత్రం ఎవరూ అడగలేదు. గౌలిగూడలో దిగిన పోశవ్వ మెట్టు దగ్గర ఆగి, ఎవరికో చెయ్యందించి, గల్లీలోకి నడిచి వెళ్లిపోయింది.

బస్సు కదిలాక కండక్టరు ఆ సీటు వైపు చూసింది. టికెట్టు అక్కడే ఉంది, ఎవరో దారి పొడుగునా తీరుబడిగా వేళ్లతో మడుస్తూ కూచున్నట్టు, సన్నగా మడతలు పడి.