వత్తులు రాలిన పాఠం

నేను ఒక రసాయనశాస్త్ర పుస్తకాన్ని. డిగ్రీ మొదటి ఏడాది, తెలుగు మాధ్యమం.

కంప్యూటర్లు చిన్న ఊళ్ళకు కొత్తగా వస్తున్న రోజుల్లో, ఒక డీటీపీ గదిలో నన్ను టైపు చేశారు. ప్రూఫులు ఇద్దరు లెక్చరర్లు దిద్దారు. ఒకాయన పైకి చదివేవారు. రెండో ఆయన పెన్సిలు మొనతో అక్షరాల అడుగున తాకుతూ వెళ్ళేవారు.

"ఆమ్లం. మకి లావత్తు పడిందా?"

"పడిందండీ."

"క్షారం. కకి షావత్తు?"

"ఉందండీ, పదండి."

అలా తయారై, మన్యం అంచున ఉన్న ఒక కళాశాల గ్రంథాలయానికి చేరాను. నన్ను తీసుకువెళ్ళినవారిలో చాలామంది పరీక్షకు వారం ముందు తెరిచి, పరీక్ష అయిన మర్నాడు మరిచిపోయినవారే. నాకు కోపం లేదు. మనుషులు మమ్మల్ని అవసరానికే ప్రేమిస్తారు. తవిటమ్మ అనే అమ్మాయి అలా కాదు. వార్తాపత్రికతో అట్ట వేసి, తడి చేతులతో తాకకుండా చదివింది. చివరి ఏడాదిలో పెళ్ళి చేశారు. చివరికి అన్నీ పాసై, మొదటి ఏడాది రసాయనశాస్త్రం ఒక్కటే మిగిలింది.

చాలా ఏళ్ళకు మళ్ళీ వచ్చింది. అంగన్‌వాడీలో ఆయాగా చేస్తోంది. డిగ్రీ చేతికొస్తే సూపర్‌వైజరు పరీక్ష రాయవచ్చు. ఆ ఏడు దాటితే వయసు ఒప్పుకోదు. పాత విద్యార్థులకు కళాశాల ఇచ్చిన ఆఖరి అవకాశం కూడా అదే.

"ఆ పాత బుక్కు ఉందేటి సార్?" అని గ్రంథాలయం చూసే జోగినాయుడు గారిని అడిగింది.

"బుక్కులు ఎత్తేసినాం తల్లీ. అంతా ఈ-బుక్కే. ఏదీ, ఫోనిలా తే."

అప్పటికే మమ్మల్ని కట్టలు కట్టి వరండాలో పెట్టారు. నా కట్టకు ఆనుకునే ఆమె కూర్చుంది. ఫోనులో తెరుచుకున్నదీ నేనే. అదే అట్ట, అదే పేరు. ఆమె ముఖం వెలిగింది. నాకూ సంతోషమే కలిగింది, కాసేపు.

నన్ను టైపు చేసిన పాత ఫాంటు కొత్త యంత్రాలకు అర్థం కాదట. నా పాఠాన్ని కొత్త లిపిలోకి మార్చినప్పుడు వత్తులన్నీ రాలిపోయాయి. ఎవరూ చదివి చూడలేదు. ఒకరు పైకి చదవడం, ఒకరు దిద్దడం అనే పని అప్పటికే ఎవరిదీ కాకుండా పోయింది.

ఆమె పైకి చదివేది. 'వసువు' అని ఉన్నచోట 'వస్తువు' అనేది. 'రకం' అని ఉన్నచోట ఆలోచించి 'రక్తం' అనేది. ఇంటి మాటలకు వత్తులు తనే వేసుకుంది. శాస్త్రం మాటల దగ్గర మాత్రం ఆగిపోయింది.

"సార్, ఇందులో కారం అని ఉన్నాది. క్షారం కాదేటండీ?"

జోగినాయుడు గారు తలెత్తకుండానే అన్నారు. "నువ్వు సదివి ఎన్నాళ్ళయింది? సిలబస్ మారింది. అందులో ఎలగుంటే అలగే రాయి."

"మరే లెండి. బుక్కు తప్పు సెప్తాదేటి."

పుస్తకం తప్పు చెప్పదన్న నమ్మకం మా జాతి మొత్తం కలిసి సంపాదించుకున్నది. దాన్ని ఆమె, నా ముఖం పెట్టుకున్న ఒక నీడకు ఇచ్చేసింది. సరైన మాట నాలో ఉంది. నేను ఆమె వీపు వెనకే ఉన్నాను. మీద తాడు ఉంది.

పరీక్ష అయింది. పుస్తకాలు వరండాలోకి చేరి గ్రంథాలయం ఖాళీ అయింది కాబట్టి జవాబుపత్రాలు అక్కడే, మాకు వినబడేంత దగ్గరలో దిద్దారు. ఒకప్పుడు నా పేజీలు చదువుకునే లెక్చరరైన కూర్మారావు గారు ఒక పత్రం ఎత్తి పక్కాయనకు వినిపించారు.

"ఇనండి మేస్టారూ. ఆమం, కారం కలిస్తే లవణం వస్తాదంట."

"కాస్త నూని కూడా పోసుంటే ఆవకాయ అయిపోను."

గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. అది నా వాక్యమే. రాసింది ఎవరో నాకు తెలిసింది. "పుస్తకం మొహం సూసిన మనిషి కాదిది" అంటూ ఆయన ఎర్ర సిరాతో నిలువునా గీత గీశారు. తర్వాతి పుటలో 'కారలోహాలు' కనిపించాక మిగతాది శ్రద్ధగా చదవలేదు.

ఫలితాలు అంటించిన రోజు తవిటమ్మ వచ్చింది. గోడ మీది జాబితాలో తన నంబరు దొరకలేదు. వరండా ముందు పాతకాగితాల ఆటో ఆగి ఉంది. కట్టల మధ్య నన్ను గుర్తుపట్టి, తాడు సడలించి బయటికి లాగింది. ఎక్కడ తెరవాలో ఆమె చేతికి ఇంకా గుర్తుంది.

'ఆమ్లం, క్షారం కలిస్తే లవణం, నీరు ఏర్పడతాయి.'

వేలు 'క్షా' కింద ఆగిపోయింది.

"కావాలేటి తల్లీ? అట్టుకుపో. ఎలగూ తూకానికే" అన్నారు జోగినాయుడు గారు, దయగానే.

"ఇప్పుడేటి సేసుకుంటాను సార్." వేలు తియ్యకుండా మెల్లగా అంది. "ఇది నాకు తెలుసండి. తెలిసీ రాయనేదు."

"ఏది?"

ఆమె నన్ను మూసి, కట్టలో బోర్లా పెట్టి, సడలించిన తాడు తనే బిగించింది. అంగన్‌వాడీలో పిల్లలకు గుడ్లు ఉడికించే వేళ అయిందని వెళ్ళిపోయింది.

ఇప్పుడు మిల్లు ఆవరణలో రేకుల కింద ఉన్నాను. ముందు సిరా కడుగుతారట, తర్వాత కాగితం నానబెడతారట. తప్పు లేకుండా అచ్చయిన పుస్తకాన్ని. ఆ సంగతి తెలిసిన ఒక్క మనిషికీ దానితో పని లేదు.