తెరమీది దూడ

తెల్లవారియు తెల్లవారని ఆ హేమంతప్రభాతమున కృష్ణవేణీప్రవాహమునుండి లేచిన మంచు తీరసైకతములను గప్పి పసుపుపచ్చని పూలతో నిండిన జనుముచేలను గప్పి తుదకు గట్టుమీది పశుపరిశోధనాలయపు రేకులశాలలను సైతము గప్పివైచి లోకబాంధవుడగు సూర్యుని వెలవెలబోయిన చందురునివలె చేసియుండెను. గట్టున నిలిచిన కొంగలకు నీటిలోని చేప కానరాక ఉదయభోజనము ఆలస్యమగుచుండెను. పక్షులు సైతము కూయుటకు జంకుచున్న ఆ నిశ్శబ్దమున ఒక శాలనుండి మృదువైన స్త్రీకంఠ మొకటి "దూడ" యని పలికెను. కొంత తడవునకు మరల "దూడ" యని పలికెను. ఆ కంఠము డాక్టరు చారుమతిది. పలికించుచున్నది మాత్రము కాటుక యను గేదె.

ఇది యెట్లు సంభవించెనో చెప్పవలసియున్నది. పశువైద్యశాస్త్రమునందు ఆరితేరిన చారుమతి అడుగనిదే అమ్మయైనను పెట్టదను సామెతను బాల్యమునుండి వినుచు అట్లయినచో అడుగుటకు నోరే లేని జీవముల గతి యేమి కావలెనని చింతించి చింతించి సంవత్సరములతరబడి నిద్రాహారములు మాని ఒక సాఫ్టువేరును నిర్మించెను. గేదె మోరకు అందునట్లు గోడకు బిగించిన విశాలమైన తెరపై నీటిబిందువు గడ్డిమోపు గోకెడి చేయి దూడ అను బొమ్మలు వెలుగుచుండును. పశువు ఏ బొమ్మను మోరతో తాకునో ఆ మాటను యంత్రము చారుమతి గొంతుకతోనే పలుకును. ఆ గొంతుక ఆమె స్వయముగా అందు నింపినది. నోరులేని దానికి నా నోరిచ్చితినన్న గర్వము ఆమెకు లేకపోలేదు.

ఆ శాలయందు ఒక్కటే కట్టడి. పశువు అడిగినది అడిగిన క్షణముననే యీయవలెను. ఒక్కమారు మాట తప్పినను అది యిక ఆ గుఱుతును నమ్మదని చారుమతి పనివారందఱిచేత ఒట్టు వేయించుకొనియుండెను. కాటుక దూడబొమ్మను తాకగానే ప్రక్కగది తలుపు తెఱచుకొనును. అంతట దూడ గంతులువేయుచు పరుగెత్తివచ్చి తల్లిపొదుగును కుమ్ముచు పాలు గుడుచును. పాలుపితుకు సలోమి యను వృద్ధురాలు ఈ వింతను చూచి బుగ్గలు నొక్కుకొనెను.

"గేదెకి చదువొచ్చేసింది డాక్టరమ్మగారూ. ఇంక దానికి ఇక్కడే ఏదో ఒక ఉద్యోగం వేయించండి. నా జీతంలో సగం ఇచ్చినా సరే, పాలు అదే పితుక్కుంటది."

అట్లు నవ్వులతో గడచుచున్న శాలకు ఏ దిష్టి తగిలెనోగాని మంచు ముదిరిన దినములలో దూడకు నెమ్ము చేరెను. చారుమతి సూదిమందులిచ్చి కంబళి గప్పి తన యొడిలో దాని తలనుంచుకొని యెంత పాటుపడినను ఫలము లేకపోయెను. కాటుక కంటబడినచో బెంగగొనునని తలచి ఆమె ఆ కళేబరమును పెరటితలుపున బయటికి పంపించెను. చూడకున్న తెలియదని ఆమె తలపు.

మఱునాడు కాటుక దూడబొమ్మను తాకెను. తలుపు తెఱచుకొనలేదు. మరల తాకెను. ఏనాడును బదులు జాగుచేయని చారుమతి దిక్కుతోచక పచ్చగడ్డి తెచ్చి ముందిడెను. కుడితి పెట్టెను. మెడక్రింద గోకెను. కాటుక ఆ గడ్డిని మూచూడనైన చూడక ఆమె చేతిని మెల్లగా ప్రక్కకు నెట్టి తెరకడకే పోయెను. పొదుగు రాయివలె బిగిసియుండెను గాని సలోమి యెంత బుజ్జగించినను గేదె చేపి పాలు విడువలేదు. అంతట సలోమి గిన్నె ప్రక్కనబెట్టి మెల్లగా ననెను.

"మా అమ్మ నాటినుంచీ చేసేదే చేద్దామమ్మగారూ. ఆ దూడ తోలు తెప్పించి లోపల గడ్డి కూరి నిలబెడదాం. వాసన చూసి చేపుద్ది. ఇట్టాగే వదిలేస్తే పొదుగు గడ్డకట్టి గేదె కూడా మనకి దక్కదు."

"అది మోసం కదా సలోమమ్మా?"

"మోసమేనమ్మా. మరి నిజం చెప్పే దారుంటే చెప్పండి."

చారుమతి తెరవైపు చూచెను. తెరమీద లేదను మాటకు గుఱుతు లేదు. ఉండినను నేర్పుట యెట్లు? నీటిని చూపి నీరను మాట నేర్పినది. గడ్డిని చూపి గడ్డియను మాట నేర్పినది. ఇక నెన్నటికిని రాని దూడను ఏమి చూపి నేర్పగలదు? ఎన్నియో విద్యలు నేర్చిన ఆమె తుదకు ఆ తోలు తెప్పించుటకు తలయూపెను.

కాటుక మరల దూడబొమ్మను తాకినపుడు తలుపు తెఱచుకొనెను. సలోమి గడ్డిదూడను తెచ్చి ముందు నిలిపెను. కాటుక దాని మెడను మూచూచి గట్టిగా నిట్టూర్చి నాకసాగెను. పాలు గిన్నెలోనికి జల్లున దిగుచుండగా సలోమి పితుకుచునే భుజముతో కన్నులు తుడుచుకొనెను. చారుమతికి ప్రాణము లేచివచ్చినట్లయ్యెను. సిగ్గును కలిగెను. ఏమైననేమి, గేదె మేతకు దిగినది, మాట నిలిచినది అని మనసును సమాధానపఱచుకొనుచు కొన్నాళ్లు గడపెను.

ఇపుడు కథారంభమున చెప్పిన ఆ మంచుప్రభాతము వచ్చినది. ఆనాడును గడ్డిదూడ యెదుటనే నిలిచియుండెను. కాటుక దానిని ఒకింతసేపు నాకి చటుక్కున ఆగి దాని ప్రక్కగా నడచిపోయి తెరమీది దూడను తాకెను. "దూడ" యని యంత్రము పలికెను. వెనుదిరిగి గడ్డిదూడను చూచి మరల తాకెను. మరల పలికెను.

"తెలిసిపోయిందమ్మగారూ" యని సలోమి వట్టి గిన్నెతో లేచెను.

చారుమతికి ఆ పలుకు వినుట దుర్భరమయ్యెను. పరులెవరైన అడిగినచో చెవులు మూసికొనవచ్చును గాని తన గొంతుకయే తన్ను నిలదీయుచుండగా ఎక్కడికి పోగలదు? తెరను నడుపు ఫోనును చేతికి దీసికొని మీటెను. తెరమీది దూడ మాయమయ్యెను. ఆ చోట తెల్లని చదరము మాత్రము మిగిలెను.

కాటుక ఆ చదరమును చాల సేపు చూచెను. పిదప మెల్లగా మోరసాచి సరిగా అచ్చటనే ఆనించెను. యంత్రము పలుకలేదు. మరింత బలముగా ఆనించెను. దాని వెచ్చని యూపిరికి అద్దము మసకబారినది గాని మాట మాత్రము రాలేదు.

"వద్దమ్మగారూ, ఆ బొమ్మ మళ్ళీ పెట్టేయండి! ఇయ్యలేకపోతే పోనీ, అడగనైనా అడగనీయండి దాన్ని!" అని సలోమి బావురుమనెను.

అడుగనిదే పెట్టని యమ్మను గూర్చి పెద్దలు సామెత చెప్పిరి గాని అడుగుచున్నది అమ్మయే యై పెట్టువారి చేయి వట్టిదైనపుడు ఏమి చేయవలెనో చెప్పినవారు లేరు. చారుమతి ఫోనును గడ్డిమీద జారవిడిచి తెరకడకు నడచి కాటుక మెడపై చేయివైచి యంత్రము చేయవలసిన పనిని తానే చేయుచున్నట్లు "దూడ" యని పలికెను.

యంత్రము పలికినను మనుష్యులు పలికినను కాటుకకు ఆ మాట యొక్కటే. మాట వినబడినది గనుక అది తెరను విడిచి ప్రక్కగది తలుపువైపు తిరిగి చెవులు రెండును ముందునకు నిక్కించి ఎప్పటివలెనే నిలిచి ఎదురుచూడసాగెను.